ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చే ముందు నలుగురం కలిసి చూద్దాం

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామందిది ఒకటే కోరిక. అప్పులు తీరాక, ఆడపిల్ల పెళ్లి అయ్యాక, ఊరికి దగ్గర్లో ఒక ప్లాటు. కోరికలో తప్పులేదు. ఎండలో ఓవర్‌టైం చేసి కూడబెట్టిన డబ్బును ఫోన్‌లో వచ్చిన నాలుగు ఫొటోలు చూసి పంపేస్తేనే చిక్కు. సెలవు మీద వెళ్లి చూస్తే హద్దురాళ్లు కనబడవు, లేదా అదే ప్లాటు అప్పటికే ఇంకొకరి పేర రిజిస్టరై ఉంటుంది. అందుకే ఈ వారం ఆ సంగతులు చెప్పుకుందాం.

ముందుగా ఫామ్ ప్లాట్లు. ఐదు గుంటలు, అంటే 605 గజాలు, చవకగా వస్తున్నాయంటే ఆశ పుడుతుంది. అది వ్యవసాయ భూమి కాబట్టే చవక. ఉద్యోగం కోసం విదేశంలో ఉంటున్న భారతీయులు ఫెమా నిబంధనల ప్రకారం ఇల్లు, ఇంటి స్థలం, దుకాణం కొనవచ్చు. పొలం, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు. కొత్తగా పొలం కొనాలంటే, ఇంటికి తిరిగొచ్చి స్థిరపడ్డాక ఆలోచించండి.

రెండోది లేఅవుట్. పంచాయతీ స్టాంపు చూసి మోసపోవద్దు. హెచ్‌ఎండీఏ, డీటీసీపీ, లేదా అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ ఇచ్చిన అనుమతి నంబరు అడగండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన కొత్త లేఅవుట్‌ను రెరాలో నమోదు చేయకుండా అమ్మకూడదు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.

మూడోది కాగితాలు. 30 ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు తెప్పించండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, అసైన్డ్ భూమా అని కనుక్కోండి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. అన్నదమ్ముల వాటా తగాదాలు, నోటిమాట ఒప్పందాలు అందులో ఉండవు. అవి ఊళ్లో అడిగితేనే తెలుస్తాయి.

నాలుగోది పవర్ ఆఫ్ అటార్నీ. ఇక్కడి భారత రాయబార కార్యాలయంలో అటెస్టేషన్ చేయించి పంపాలి. ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. సొంత బావమరిదికి ఇచ్చినా సరే, ఫలానా ప్లాటు కొనడానికి మాత్రమే అని రాయించండి. అమ్మే అధికారం ఇవ్వకండి. ఇక జీపీఏ మీద "అమ్మేస్తాం" అనేవారి దగ్గర కొనవద్దు. అలాంటి కాగితంతో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

డబ్బు మీ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచే అమ్మేవారి ఖాతాకు వెళ్లాలి. హవాలాలో పంపిన సొమ్ముకు రేపు రుజువు ఉండదు.

ఇవన్నీ ఒక్కడే ఇక్కడి నుంచి చూసుకోవడం కష్టం. ఒకే మండలంవాళ్లు నలుగురైదుగురు ప్రతి క్యాంపులోనూ ఉంటారు. కలిసి ఒక వకీలును పెట్టుకుని ఫీజు పంచుకోండి. వెంచరువాళ్లు చూపించిన వకీలు వద్దు. ఎవరు సెలవు మీద వెళ్తే వారు మిగతావారి స్థలాలు కూడా చూసి, పక్క రైతులతో మాట్లాడి రావాలి. ప్లాటు చూపించేది మన గదివాడే అయితే, కమీషన్ ఎంత అని మొహమాటం లేకుండా అడగండి. అయితే నలుగురి డబ్బూ కలిపి ఒకరి పేర కొనే పని మాత్రం పెట్టుకోవద్దు. ఎవరి ప్లాటు నంబరు వారిదే, ఎవరి రిజిస్ట్రేషన్ వారిదే. స్నేహం నిలవాలన్నా అదే మంచిది.

"రేపటికి రేటు పెరుగుతుంది, ఇవాళే టోకెన్ వేయండి" అని తొందరపెట్టేవారు ఎప్పుడూ ఉంటారు. లేఅవుట్ నంబరు, రెరా నంబరు, ఈసీ, లింకు డాక్యుమెంట్లు చేతికి వచ్చాకే డబ్బు అని చెప్పండి. కాగితాలు సరిగ్గా ఉన్నవారు ఆ మాటకు కోప్పడరు.