మీకు తెలుసా? అదురును ఆపాల్సిన పాదాలే దాన్ని పెంచగలవు

అదురు తగ్గడానికి రికార్డ్ ప్లేయర్ కింద అమర్చే స్ప్రింగు పాదాలు కొన్ని ప్రకంపనలను తగ్గించకపోగా పెంచుతాయి.

స్ప్రింగు బిగువును, దానిపై పడే బరువును బట్టి ఒక సహజ పౌనఃపున్యం ఏర్పడుతుంది. కింది నుంచి వచ్చే ప్రకంపన పౌనఃపున్యం దానికి 1.41 రెట్లు దాటితేనే అదురు తగ్గి పైకి చేరుతుంది. అంతకు దిగువన ఏ మేలూ ఉండదు. సహజ పౌనఃపున్యం దగ్గరైతే అనునాదం వల్ల అదురు ఇంకా పెరుగుతుంది.

బరువుకు స్ప్రింగు ఎంత కుంగిందో కొలిస్తే ఈ హద్దు తెలుస్తుంది. 1 మి.మీ. కుంగితే సహజ పౌనఃపున్యం సుమారు 16 హెర్ట్జ్. రక్షణ 22 హెర్ట్జ్ పైనే మొదలవుతుంది. 10 మి.మీ. కుంగితే సహజ పౌనఃపున్యం సుమారు 5 హెర్ట్జ్. రక్షణ 7 హెర్ట్జ్ నుంచే దొరుకుతుంది.

రికార్డుపై నడిచే ముల్లును మోసే టోన్‌ఆర్మ్, కార్ట్రిడ్జ్ జంట అనునాదం సాధారణంగా 8–12 హెర్ట్జ్ మధ్య ఉండేలా చూస్తారు. 2.5 మి.మీ. మాత్రమే కుంగే పాదాల సహజ పౌనఃపున్యం సుమారు 10 హెర్ట్జ్. అంటే ముల్లు తేలిగ్గా ఊగే చోటే అవి అదురును పెంచుతాయి. అందుకే పాదాలను పరికరం బరువుకు తగ్గట్టు ఎంచుకోవాలి. బరువు చాలకపోతే ఎంత ఖరీదైన స్ప్రింగైనా తగినంత కుంగదు, కాపాడదు.