ఒకే కొలువు.. ఊరికో జీతం: నర్సుల చేతికి మిగిలేదెంత?

హన్మకొండ: చదువు ఒకటే, రిజిస్ట్రేషన్ ఒకటే, రాత్రి విధుల భారమూ ఒకటే. నెలాఖరున చేతికందే మొత్తం మాత్రం ఒకటి కాదు. హైదరాబాద్‌లో కొలువు దొరికితే జీతం ఎక్కువ, వరంగల్‌లో దొరికితే ఖర్చు తక్కువ, మారుమూల మండలంలో దొరికితే రెండూ తక్కువ అన్నది నర్సింగ్ విద్యార్థినుల ఇళ్లలో సాధారణంగా వినిపించే మాట. ఇందులో నిజమెంత? ఊరు మారితే జీతం ఎంత మారుతుంది? ఆ తేడా ఖర్చులకు సరిపోతుందా? ప్రభుత్వ ఉత్తర్వులలోని అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, అసలు అగాధం ఊళ్ల మధ్య కాక మరోచోట ఉన్నట్లు తేలుతుంది.

జీతంలో ఏమేమి ఉంటాయి?

రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సు వేతన స్కేలు రూ.36,750 నుంచి రూ.1,06,990. వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి 2022 డిసెంబరులో 5,204 పోస్టులకు, 2024 సెప్టెంబరులో 2,050 పోస్టులకు జారీ చేసిన ప్రకటనల్లో ఇదే స్కేలు ఉంది. ఎంజీఎంలో చేరినా, ఉస్మానియాలో చేరినా, ఏటూరునాగారంలో చేరినా మూలవేతనం రూ.36,750తోనే మొదలవుతుంది.

దీనికి కరవు భత్యం (డీఏ) కలుస్తుంది. ధరల పెరుగుదలను బట్టి నిర్ణయించే ఈ భత్యం రాష్ట్రమంతటికీ ఒకటే. హైదరాబాద్‌లో బియ్యం ధర వేరు, ములుగులో వేరు అని అది చూడదు. ఊరిని బట్టి ప్రధానంగా మారేది ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) మాత్రమే. నగర పరిహార భత్యం కూడా ఉన్నా అది స్వల్ప మొత్తమే.

వేతన సవరణలో భాగంగా 2021 జూన్‌లో వెలువడిన ఉత్తర్వులు ఈ అద్దె భత్యాన్ని నాలుగు అంచెలుగా విభజించాయి. గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో మూలవేతనంపై 24 శాతం, వరంగల్ వంటి నగరాల్లో 17 శాతం, యాభై వేల నుంచి రెండు లక్షల జనాభా గల పట్టణాల్లో 13 శాతం, మిగిలిన చోట్ల 11 శాతం. అంతకు ముందు ఇవి 30, 20, 14.5, 12 శాతాలుగా ఉండేవి. మూలవేతనం పెరిగినందున శాతాలను తగ్గించారు.

మూడు ఊళ్ల లెక్క

2022 జూలై నుంచి వర్తించేలా విడుదలైన 26.39 శాతం కరవు భత్యాన్ని ప్రాతిపదికగా తీసుకుందాం. కొత్తగా చేరిన నర్సుకు మూలవేతనం, కరవు భత్యం కలిపి రూ.46,448 అవుతుంది. దీనికి అద్దె భత్యం జోడిస్తే లెక్క ఇలా ఉంటుంది.

హైదరాబాద్: అద్దె భత్యం రూ.8,820, మొత్తం రూ.55,268.
వరంగల్: అద్దె భత్యం రూ.6,248, మొత్తం రూ.52,696.
గ్రామీణ మండలం: అద్దె భత్యం రూ.4,043, మొత్తం రూ.50,491.

మధ్యంతర భృతి, ఇతర చిన్న భత్యాలు ఇందులో కలపలేదు. కోతలూ తీసివేయలేదు. 2004 సెప్టెంబరు 1 తర్వాత నియమితులైన వారికి మూలవేతనం, కరవు భత్యాలపై 10 శాతం కాంట్రిబ్యూటరీ పింఛను పథకానికి జమ అవుతుంది. అంటే పై లెక్కలో రూ.4,645 చేతికి రాదు. ఈ కోత మూడు ఊళ్లలోనూ సమానమే.

హైదరాబాద్ నర్సుకు వరంగల్ నర్సు కంటే అదనంగా అందేది నెలకు రూ.2,572. శాతంలో చూస్తే ఐదుకు లోపే. రాజధానికీ, మారుమూల మండలానికీ మధ్య తేడా రూ.4,777 మాత్రమే.

ఎక్కడ మిగులుతుంది?

బదిలీ కోరుకునే వారికి పనికివచ్చే కొలబద్ద ఇక్కడే ఉంది. హన్మకొండలో ఉంటున్న ఇంటికి ఇస్తున్న అద్దెనూ, హైదరాబాద్‌లో ఆసుపత్రికి అందుబాటు దూరంలో అదే పరిమాణం గల ఇంటికి ఇవ్వవలసిన అద్దెనూ పక్కపక్కన వేసుకోవాలి. ఆ తేడా రూ.2,572 దాటిందంటే, చీటీలో జీతం పెరిగినా ఇంట్లో తరిగినట్లే. రాజధానిలో పిల్లల బడి ఫీజులు, రాత్రి విధుల నుంచి తిరిగి వచ్చే ప్రయాణ ఖర్చులు దీనికి అదనం. సొంత ఇల్లు వరంగల్‌లో ఉండి, హైదరాబాద్‌లో అద్దెకు దిగవలసి వచ్చే వారికి నష్టం మరింత స్పష్టం.

గ్రామీణ మండలాల పరిస్థితి వేరు. అక్కడే నివసించేవారికి అద్దె తక్కువ కనుక భత్యం తగ్గినా సర్దుకుంటుంది. చిక్కంతా ఇల్లు ఒకచోట, కొలువు మరోచోట ఉన్నవారిది. అద్దె భత్యాన్ని పనిచేసే చోటును బట్టి నిర్ణయిస్తారు. పిల్లల చదువుల కోసం హన్మకొండలో కాపురం ఉంచి, సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ఏటూరునాగారం వైపు ఉద్యోగం చేసే నర్సుకు అద్దె నగరానిది, భత్యం పల్లెది. నెలకు రూ.2,205 అక్కడే కోల్పోతుంది. మహిళలకు 2023 డిసెంబరు 9న మొదలైన ఆర్టీసీ ఉచిత ప్రయాణంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల చార్జీ భారం తగ్గిందన్నది నిజమే. అయితే రాత్రి విధులు ముగిసే వేళకు బస్సు దొరకడం, రోజుకు నాలుగైదు గంటలు ప్రయాణంలోనే గడిచిపోవడం వంటి బాధలు ఏ భత్యంలోనూ లెక్కకు రావు.

బీబీనగర్‌తో పోలిస్తే

వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లే జాతీయ రహదారి మీదే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ కనుక అక్కడ నర్సింగ్ ఆఫీసర్ మూలవేతనం రూ.44,900తో ప్రారంభమవుతుంది. రాష్ట్ర స్కేలు కంటే ఇది రూ.8,150 ఎక్కువ. ఇదిగాక నర్సింగ్ భత్యం ఉంది. ఏడో వేతన సంఘం సిఫార్సుల మేరకు 2017లో నెలకు రూ.7,200గా నిర్ణయించిన ఈ మొత్తం, కేంద్ర కరవు భత్యం 50 శాతానికి చేరిన 2024 జనవరి నుంచి రూ.9,000 అయింది. ఈ రెండింటి తేడానే రూ.17 వేలు దాటుతుంది. హైదరాబాద్‌కూ పల్లెకూ ఉన్న తేడాకు ఇది మూడున్నర రెట్లు. ఏ ఊళ్లో పనిచేస్తున్నారన్న దాని కంటే, జీతం ఇచ్చే యజమాని ఎవరన్నదే ముఖ్యమని దీంతో అర్థమవుతుంది.

ఒప్పంద నర్సులది మరో మెట్టు. 2022 సెప్టెంబరులో పల్లె దవాఖానాల్లో 1,569 పోస్టుల భర్తీకి వచ్చిన ప్రకటనలో వైద్యులకు రూ.40,000, స్టాఫ్ నర్సులకు రూ.29,900 ఏకమొత్తంగా నిర్ణయించారు. ఏకమొత్తం అంటే కరవు భత్యం లేదు, అద్దె భత్యం లేదు. వరంగల్‌లోని రెగ్యులర్ నర్సుతో పోలిస్తే తేడా రూ.22,796. ధర పెరిగినా జీతం కదలదు కనుక ఏటా ఈ తేడా పెరుగుతూ పోతుంది.

ప్రైవేటులో కొలమానమే కరవు

హన్మకొండ, ఎంజీఎం పరిసరాల్లో పదుల సంఖ్యలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రులకు వస్తే, ఈ స్కేళ్లేవీ వర్తించవు. యాజమాన్యం ఇచ్చిందే జీతం. కొత్తగా చేరే నర్సుకు రూ.20 వేలు కూడా దక్కని నర్సింగ్ హోంల గురించి ఈ ప్రాంతంలో తెలియనివారు తక్కువ. ‘‘ఇది హైదరాబాద్ కాదు, వరంగల్. ఇక్కడ ఖర్చులు తక్కువ’’ అన్నది తరచూ వినిపించే సమాధానం.

ఈ వాదన నిలుస్తుందా? వరంగల్‌లో ఖర్చు తక్కువన్న కారణంతో ప్రభుత్వం తన నర్సుకు తగ్గించినది రూ.2,572, అంటే ఐదు శాతం కంటే తక్కువ. అదే కారణం చెప్పి సగానికి సగం తగ్గించడానికి ఏ లెక్కా సరిపోదు.

ఈ విషయం సుప్రీంకోర్టు వరకూ వెళ్లింది. భారత శిక్షిత నర్సుల సంఘం వేసిన పిటిషన్‌పై 2016 జనవరి 29న ఇచ్చిన ఉత్తర్వుల్లో, ప్రైవేటు నర్సుల వేతనాలు, పని పరిస్థితులపై నిపుణుల కమిటీ వేయాలని కేంద్రాన్ని న్యాయస్థానం ఆదేశించింది. ఆ ఏడాదే కమిటీ సిఫార్సులు చేసింది. గమనించవలసిన విషయమేమిటంటే, కమిటీ ఊరిని చూడలేదు, పడకలను చూసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రులు రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా చెల్లించాలి. 100 నుంచి 200 పడకలుంటే 10 శాతానికి మించి తగ్గరాదు. 50 నుంచి 100 పడకలుంటే 25 శాతానికి మించి తగ్గరాదు. 50 పడకల లోపు చిన్న ఆసుపత్రి అయినా రూ.20,000కు తగ్గరాదు. సెలవులు, పని వేళలు, వైద్య సదుపాయం, రవాణా, వసతి కూడా ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలని సూచించింది.

తెలంగాణ మూలవేతనం రూ.36,750నే లెక్కలోకి తీసుకున్నా, 100 నుంచి 200 పడకల ఆసుపత్రిలో రూ.33,075, 50 నుంచి 100 పడకల ఆసుపత్రిలో రూ.27,563 కనీసంగా అందాలి. ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశం కావడంతో అమలును కేంద్రం రాష్ట్రాలకు వదిలింది. కేరళలో నర్సులు ఆందోళనకు దిగగా, అక్కడి ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో ప్రైవేటు నర్సులకు రూ.20,000 కనీస వేతనంగా ప్రకటిస్తూ, పడకల సంఖ్య పెరిగే కొద్దీ భత్యాలు పెరిగేలా నోటిఫికేషన్ ఇచ్చింది. సిఫార్సులు కాగితంపైనే మిగిలిపోనక్కరలేదని ఈ అనుభవం చెబుతోంది.

లండన్‌లోనూ ఇదే సూత్రం

ఊరి ఖర్చును జీతంలో కలపడం మనకే పరిమితం కాదు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవలో ఇంగ్లండ్‌లో కొత్త నర్సుకు 2025-26లో ఏడాదికి 31,049 పౌండ్లు ప్రారంభ వేతనం. లండన్ నడిబొడ్డున పనిచేస్తే 20 శాతం, నగర శివారులో 15 శాతం, అంచు ప్రాంతాల్లో 5 శాతం అదనంగా ఇస్తారు. ఆ 20 శాతం లండన్ అద్దెలకు చాలదన్న మాట అక్కడా ఉంది.

విదేశాలకు వెళ్లదలచిన మన నర్సులు ఈ లెక్కను మరవరాదు. పౌండ్లనో, రియాళ్లనో రూపాయల్లోకి మార్చి చూస్తే అంకె పెద్దగా కనిపిస్తుంది. ఖర్చు కూడా ఆ దేశపు నాణేల్లోనే అవుతుంది. వసతి, భోజనం ఎవరు భరిస్తారు, పన్ను ఎంత, ఒప్పందం ఎన్నేళ్లు అన్నవి తెలిశాకే మిగులు తేలుతుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని కేంద్రం 2015లో ఆదేశించింది. తెలంగాణలో ప్రభుత్వ రంగ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్ వంటి దేశాల్లో ఉద్యోగాలకు భాషా శిక్షణతో పాటు నియామకాలు చేపడుతోంది. దళారుల చేతిలో లక్షలు పోసే ముందు అక్కడ విచారించడం మేలు.

చేరే ముందు చూసుకోవలసినవి

ప్రైవేటు ఆసుపత్రిలో చేరేవారు నియామక పత్రం లిఖితపూర్వకంగా తీసుకోవాలి. అందులో మూలవేతనం, భత్యాలు విడివిడిగా ఉండాలి. 20 మంది, ఆపై సిబ్బంది ఉన్న సంస్థకు భవిష్య నిధి (పీఎఫ్), 10 మంది, ఆపై ఉంటే ఈఎస్ఐ వర్తిస్తాయి. నెల వేతనం రూ.21,000 లోపు ఉన్నవారు ఈఎస్ఐ పరిధిలోకి వస్తారు. ఇందుకు నర్సు జీతం నుంచి 0.75 శాతం మినహాయిస్తే, యాజమాన్యం 3.25 శాతం చెల్లించాలి. ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయో తెలుసుకుంటే, కమిటీ సిఫార్సుతో తమ జీతాన్ని పోల్చి అడిగే వీలుంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ వద్దే అట్టిపెట్టుకోవడం అన్నిటికన్నా ముఖ్యం.

నర్సింగ్ విద్యకు పరీక్షలు నిర్వహించే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. ఏటా పట్టా పుచ్చుకునే వారిలో ప్రభుత్వ కొలువు దక్కేది కొందరికే. మిగిలినవారు పనిచేసేది ఈ నగరంలోని ప్రైవేటు వార్డుల్లోనే. వారికి ఊరిని బట్టి కాక పనిని బట్టి జీతం అందాలంటే, 2016 నాటి సిఫార్సులను రాష్ట్రంలో కచ్చితమైన ఉత్తర్వులుగా మార్చడమే మార్గం. అంతవరకూ హైదరాబాద్‌కూ వరంగల్‌కూ మధ్య ఉన్న దూరం కంటే, ఎంజీఎం గేటుకూ దాని ఎదుటి నర్సింగ్ హోం గేటుకూ మధ్య ఉన్న దూరమే ఎక్కువ.