తాతగారికి ఇక్కడ అరుగు ఏదీ?



కాకినాడ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి లింగంపల్లి స్టేషన్‌లో దిగే పెద్దవాళ్లలో మనవల కోసం వచ్చేవారు ఎందరో. సాయంత్రం మా గేటు దగ్గర బ్యాగులు అందుకునేదీ వాళ్లే. మరి మీరు ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్లాక పదిహేనో అంతస్తులో వాళ్లు ఎవరితో మాట్లాడతారు?

అమెరికాలో 1938లో మొదలైన హార్వర్డ్ అధ్యయనం ఇప్పటికీ సాగుతోంది. యాభైల్లో తమ అనుబంధాలతో తృప్తిగా ఉన్నవారే ఎనభైల్లో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని, కొలెస్ట్రాల్ లెక్కలకన్నా ఈ తృప్తే ఆ సంగతిని బాగా ముందే చెప్పిందని అందులో తేలింది.

కొడుకు, కోడలు ఎంత బాగా చూసుకున్నా ఈడు వాళ్లతో కబుర్ల లోటు తీరదు. ఊళ్లో అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవారే పలకరించేవారు. ఇక్కడ ఆ పరిచయం మనమే కలపాలి. "కిందికెళ్లి కూర్చోండి నాన్నా" అంటే వెళ్లరు, మొహమాటం. మొదటి రెండు రోజులు మీరే వెంట వెళ్లండి. కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కైనా సరే.

పిల్లల్ని చూసుకోవడం వాళ్లకు ఇష్టమే, కానీ అది ఉద్యోగం కాదు (రిటైరైంది అందుకేగా!). ఆదివారం వాళ్లకూ సెలవే. దిగులు మరీ ఎక్కువగా కనిపిస్తే పెద్దల హెల్ప్‌లైన్ ఎల్డర్ లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు. "నెల రోజులు ఊరెళ్లొస్తాను" అంటే మాత్రం నొచ్చుకోకుండా టికెట్ తీయండి.