మంచు పలకను విరిచే వాలు గోడ

వానాకాలంలో తాలిపేరు పొంగినప్పుడు చర్ల దగ్గర గట్టున నిలబడి ఎప్పుడైనా చూశారా? ఎర్రటి నీటిలో దుంగలు, వేళ్ళతో సహా పెకలిన చెట్లు కొట్టుకుపోతుంటాయి. ఆ నీరంతా గోదావరిలో కలిసి భద్రాచలం వంతెన స్తంభాలను తాకుతుంది. 2022 జూలైలో అక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటింది. అయినా అది వరద, కొన్నాళ్ళకు తీసింది.

ఇప్పుడు ఒక సంగతి ఊహించండి. దుంగలకు బదులు, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కప్పేసిన మంచు పలక రెండు మీటర్ల మందాన నెలల తరబడి ఆ స్తంభాలను తోస్తూ ఉంటే?

గోదావరి చివరకు చేరే బంగాళాఖాతంలో, కోనసీమ తీరానికి ఎదురుగా, చమురు బావులున్నాయి. అక్కడి ఇంజనీర్లకు తుపానులంటే భయం. ఉత్తర ధ్రువ సముద్రాలలో చమురు తీసేవారికి మంచు అంటే భయం.

ఉప్పునీరు గడ్డకడితే

సముద్రపు నీరు సుమారు -1.8 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది. ఒక్క శీతకాలంలోనే ఆ పలక రెండు మీటర్ల మందం వరకు పెరగవచ్చు. వేసవిలో కరగకుండా మిగిలిపోయిన ముదురు మంచు ఇంకా ప్రమాదకరం. ఏళ్ళు గడిచేకొద్దీ దానిలోని ఉప్పు కారిపోయి అది మరింత గట్టిపడుతుంది. గాలి, నీటి ప్రవాహం ఈ పలకలను నడుపుతాయి. దారిలో ఏది అడ్డొస్తే దానిమీద పడతాయి.

చైనా తీరంలోని బోహాయ్ సముద్రం ధ్రువానికి ఎంతో దూరం. అయినా 1969 శీతకాలంలో అక్కడ మంచు ఒక చమురు వేదికను కూల్చివేసింది.

సుద్దముక్క చెప్పే పాఠం

మీ తరగతి గదిలోనే ఒక ప్రయోగం చేయండి. చిన్న సుద్దముక్కను బల్లమీద నిలువుగా నిలబెట్టి, అరచేతితో పైనుంచి నొక్కండి. సులభంగా నలగదు. అదే సుద్దముక్కను రెండు చేతులతో పట్టుకొని వంచండి. పుటుక్కున విరుగుతుంది!

మంచు కూడా అంతే. దాన్ని నలిపి పిండి చేయడానికి కావలసిన బలం, వంచి విరవడానికి కావలసిన బలం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వేదిక గోడ నిటారుగా ఉంటే పలక నేరుగా వచ్చి దాన్ని ఢీకొంటుంది. అప్పుడది నలగాలి తప్ప వేరే దారి లేదు. నలిగేదాకా తోపుడు బలమంతా గోడమీదే పడుతుంది.

మోలిక్‌పాక్ వణికిన రోజు

కెనడా ఉత్తరాన బోఫోర్ట్ సముద్రంలో మోలిక్‌పాక్ అనే వేదిక ఉండేది. ఎనిమిది మూలల పెద్ద ఉక్కు గూడు, దాని నడుమ నింపిన ఇసుక - అదే దాని నిర్మాణం. గోడలు దాదాపు నిటారుగా ఉండేవి.

1986 ఏప్రిల్ 12న ముదురు మంచు పలక ఒకటి దాన్ని ఢీకొంది. మంచు నలగడం, ఒక్క క్షణం పట్టు సడలడం, మళ్ళీ తోయడం... ఒకే లయలో ఇలా సాగేసరికి వేదికంతా ఊగిపోయింది. ఆ కుదుపులకు లోపలి ఇసుకలో కొంత భాగం పట్టు కోల్పోయింది.

ఇసుక పట్టు కోల్పోవడమేమిటంటారా? గోదావరి ఒడ్డున తడి ఇసుకమీద నిలబడి పాదాలతో తొక్కుతూ ఉండండి. కాసేపటికి నీరు పైకి ఊరి, ఇసుక జావలా మెత్తబడుతుంది. మోలిక్‌పాక్ లోపల జరిగిందీ అదే. పలక కదలిక ఆగిపోవడంతో గండం గడిచింది. వేదిక కూలలేదు కాని, ఇంజనీర్లు మరచిపోలేని పాఠం నేర్చుకున్నారు.

నలపవద్దు, వంచండి!

నీటిమట్టం దగ్గర గోడను వాలుగా కడితే ఏమవుతుంది? వచ్చిన పలక అంచు వాలుమీదికి ఎక్కుతుంది. అంచు పైకి లేచేకొద్దీ పలక వంగుతుంది. వంగి, సుద్దముక్కలాగే విరుగుతుంది. ముక్కలు పక్కలకు జారిపోతాయి. మంచు తోపుడే మంచును విరిచిందన్నమాట!

బోహాయ్‌లో తరువాత కొన్ని వేదికల కాళ్ళకు శంకువు ఆకారపు తొడుగులు వేశారు. కెనడాలో 1997లో ప్రారంభమైన 12.9 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ వంతెన స్తంభాలకూ నీటిమట్టం వద్ద ఇలాంటి శంకువులే ఉన్నాయి. 1983 నుంచి బోఫోర్ట్ సముద్రంలో పనిచేసిన కుల్లుక్ అనే తేలే వేదిక అంచులు కిందికి వాలి, మంచును కిందికి వంచి విరిచేవి. పెద్ద పలకలను ముందుగానే పగలగొట్టడానికి మంచును చీల్చే ఓడలు దానికి తోడుండేవి.

వాలుకూ ఒక చిక్కుంది. విరిగిన ముక్కలు జారిపోకుండా గోడ ముందు గుట్టపడితే, వెనక వచ్చే పలక ఆ గుట్టనంతా తోయాలి. అప్పుడు బలం మళ్ళీ పెరుగుతుంది.

మంచుకొండ వస్తే?

పలకను వంచవచ్చు, కొండను వంచలేం కదా! కెనడా తూర్పు తీరానికి దూరంగా, 80 మీటర్ల లోతు నీటిలో హైబర్నియా వేదిక 1997 నుంచి చమురు తీస్తున్నది. సముద్రం అడుగున కూర్చున్న దాని కాంక్రీటు పీఠానికి చుట్టూ 16 పళ్ళున్న గోడ ఉంది. 60 లక్షల టన్నుల మంచుకొండ తాకినా నిలబడేలా దాన్ని రూపొందించారు. అయినా కొండ దగ్గరకు రాకముందే ఓడలు దానికి మోకులు చుట్టి, మెల్లగా పక్కకు లాగి దారి మళ్ళిస్తాయి.

ఇంత జాగ్రత్త ఎందుకు? వేదికమీద మనుషులుంటారు. బావి దెబ్బతిని చమురు మంచు కిందికి చేరితే దాన్ని వెలికితీయడం మహా కష్టం. చేపలు, సీళ్ళు, పక్షులు, వాటిమీద ఆధారపడి బతికే తీరప్రజలు అందరూ నష్టపోతారు.

ఈసారి వంతెన దాటేటప్పుడు స్తంభాలను గమనించండి. నీటికి ఎదురుగా ఉన్న వైపు గుండ్రంగా ఉందా, మొనదేలి ఉందా, చదునుగా ఉందా? అలా ఎందుకు కట్టారో మీ సైన్సు మాస్టారితో చర్చించండి.