పుత్తూరులో రైలెక్కితే తోమా కొండలు

కార్వేటినగరం: చెన్నైకి పోయే ఈ ప్రాంతం వారిలో చాలామంది ఆసుపత్రి పనో, పెళ్లి చీరల బేరమో ముగించుకొని సాయంత్రం రైలుకే తిరిగి వస్తారు. క్రైస్తవులైతే శాంథోమ్ చర్చికి వెళ్లి ఒక కొవ్వొత్తి వెలిగించి వస్తారు. కాని అది యాత్రలో చివరి మజిలీ మాత్రమే. ఏసుక్రీస్తు శిష్యుడైన తోమా కడపటి రోజులు ఆ నగరంలో మూడు చోట్ల గడిచాయని ప్రతీతి.

పుత్తూరులో తిరుపతి రైలెక్కి సెంట్రల్‌లో దిగితే, అక్కడి నుంచి మెట్రో రైలు నేరుగా చిన్నమలైకి పోతుంది. తనను చంపజూసిన వారికి చిక్కకుండా తోమా దాగిన గుహ ఇదేనంటారు. ఎంతటివారైనా వంగి దూరవలసిందే. దానిని ఆనుకొని పోర్చుగీసువారు 1551లో చర్చి కట్టారు.

రెండవది పరంగిమలై. పరంగివారి కొండ కనుక ఆ పేరు. ఎత్తు సుమారు 300 అడుగులు. క్రీ.శ. 72లో తోమా ఈటెపోటుకు ప్రాణం విడిచింది ఇక్కడేనని చెబుతారు. 1547లో తవ్వకంలో బయటపడిన రాతి శిలువ పైనున్న చర్చిలో ఉంది. దాని చుట్టూ చెక్కినవి పహ్లవీ అక్షరాలు, అంటే పాతకాలపు పారశీక లిపి. పరంగివారి కంటే ఎంతో ముందే ఇక్కడ క్రైస్తవులున్నారనడానికి ఆ రాయే సాక్ష్యం.

కొండకు మెట్లు కట్టించినవాడు ఖోజా పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మీనియా వర్తకుడు. యాత్రికులు అడయారు ఏటిలో దిగి దాటే అవస్థ చూసి, 1726లో సైదాపేట వద్ద వంతెన కూడా ఆయనే వేయించాడు. 30,000 వరహాలు సొంత సొమ్ము ఖర్చయిందంటారు. ఆ వంతెన స్థానంలో ఇప్పుడున్నది మరైమలై అడిగళ్ వంతెన. ఉస్కాన్ శాసనపు రాయి మాత్రం మిగిలింది. దాని పక్కగా బస్సులో పోయినవారు ఈ ప్రాంతంలో ఎందరున్నారో! మెట్లెక్కలేని వృద్ధులకు కొండపైకి రోడ్డు కూడా ఉంది.

కడపటిది సముద్రపు ఒడ్డున శాంథోమ్. ఇప్పటి కట్టడం 1896 నాటిది, గోపురం 155 అడుగులు. పోపు రెండవ జాన్‌పాల్ 1986 ఫిబ్రవరి 5న ఇక్కడికి వచ్చారు. తోమా అస్థికలు ఏనాడో ఎడెస్సాకు, అక్కడి నుంచి చేతులు మారి 1258లో ఇటలీలోని ఒర్తోనాకు చేరాయంటారు. అయినా జనం రావడం మానలేదు. ఆ తరువాత కొన్నేళ్లకు ఈ తీరానికి వచ్చిన మార్కోపోలో, క్రైస్తవులే కాక ముస్లిములు కూడా ఈ సమాధిని దర్శించేవారని రాశాడు. అక్కడి ఎర్రమన్ను తీసుకుపోయి, నీళ్లలో కలిపి జ్వరం వచ్చినవారికి పట్టేవారట.