పేరునకు వెల

పాలకును కూరలకును బేరమాడుట మన మెఱిగినదే. పేరునకు బేరమాడుట యెట్లు?

మా ఆత్రేయపురమున, బోర్లించిన కుండపై పిండిగుడ్డ త్రిప్పి పూతరేకులు తీయు నొక యిల్లాలు, తన సరకు నమ్ముకొనుటకై వెబ్‌సైటు చిరునామా నొకదానిని తీసికొని యుంచినది. దానిని తన కిమ్మని యొక వర్తకుడు కబురంపెను. ఆమె మా యింటికి వచ్చి, "అక్కయ్యగారూ! ఎంత యడుగుదును?" అనెను.

మేమిట్లు చెప్పితిమి: "చెల్లీ! వెల ముందుగా నీనోట రానీయకుము. ఆ చిరునామా పోయిన పిదప పాత ఖాతాదారులు నిన్నెట్లు చేరుదురో లెక్కించి, అంతకు తగ్గరాని మొత్తమును మనసున నుంచుకొనుము. తొందరపెట్టినచో రేపు చెప్పుదునని పంపుము. సొమ్ము నమ్మకమైన మధ్యవర్తి యొద్ద జమపడక పూర్వము బదిలీ సంకేతము నీయకుము. బేరము సాగుచుండగా గడువు రుసుము మఱచితివా, చిరునామాయే చేజారును."

మఱియొక మాట. మన పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1999 నాటి చట్టము ననుసరించి దాని నమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. కావున ఆమె యమ్మగలిగినది చిరునామా మాత్రమే. ఊరి పేరు రేకు తీయు చేతులన్నిటిది. ఆ సంగతి కాగితముపై వ్రాయుమంటిమి.

వర్తకుడు వెల రెట్టించినాడట. ఆ షరతునకు మాత్రము బదులు చెప్పలేదు. ఆమెయు నింకను సరే యనలేదు; ఆమె కుండక్రింద మంట యారలేదు.