టీ డికాక్షన్‌కూ రక్తనాళానికీ మధ్య పాలు

0.1 మిల్లీమీటరు. రోజుకు రెండు మూడు కప్పుల టీ తాగినవాళ్ల చేతి ధమని, రక్తం జోరు పెరిగినప్పుడు, మామూలు కన్నా అదనంగా విచ్చుకునేది సుమారుగా ఇంతే. తలవెంట్రుక మందం. పాలు లేని టీ గుండెకు మంచిదంటూ వాట్సాప్‌లో తిరిగే సలహాలన్నీ తవ్వుకుంటూ పోతే చివరికి ఈ వెంట్రుకవాసి దగ్గరే తేలతాయి. చిన్నదని తీసిపారేయడానికి లేదు. అయితే దాన్ని పట్టుకుని ఎంతదూరం పోవచ్చో, ఎక్కడ ఆగాలో చూసుకోవాలి. మనకైతే మరీను. ఆ కొలతలు తీసింది మనం తాగే టీ మీద కాదు.

రక్తనాళం లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందాన ఒక పొర ఉంటుంది. ఎండోథీలియం అంటారు. రక్తం ఉరవడి పెరిగితే ఆ ఒరిపిడిని ఈ పొర పసిగట్టి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతుంది. దాంతో నాళం చుట్టూ ఉన్న కండరం సడలి దారి వెడల్పవుతుంది. ఈ వాయువు పనిని వెలికితీసినందుకే రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. షుగర్, బీపీ, సిగరెట్ పొగ, కొలెస్ట్రాల్... వీటి దెబ్బ ముందుగా తగిలేది ఈ పొరకే. నాళంలో పూడిక కనపడడానికి చాలా ఏళ్ల ముందే దీని చురుకు తగ్గుతుంది.

ఆ చురుకును కోత లేకుండా కొలిచే పద్ధతి 1992లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. చేతికి బీపీ పట్టీ బిగించి ఐదు నిమిషాల పాటు రక్తం ఆపుతారు. పట్టీ వదలగానే రక్తం ఒక్కసారిగా ఉరుకుతుంది. అప్పుడు దండచేతి ధమని ఎంత విచ్చుకుందో అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. ధమని వెడల్పు 4 మిల్లీమీటర్లు ఉండి 4.25కు పెరిగిందనుకోండి, పెరుగుదల 6 శాతం చిల్లర. వైద్యులు దీన్ని ఎఫ్ఎండీ అంటారు. ఇకపై వచ్చే అంకెలు చాలామట్టుకు ఇవే.

2001లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ పరీక్షను గుండె ధమనుల్లో పూడికలున్న 66 మంది మీద చేశారు. ఒకసారి 450 మిల్లీలీటర్ల బ్లాక్ టీ ఇచ్చి రెండు గంటల తర్వాత కొలిచారు. ఆపైన రోజుకు 900 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు వారాలు తాగించి మళ్లీ కొలిచారు. అదే మోతాదులో మంచినీళ్లు తాగించిన విడత కూడా ఒకటి ఉంది. రెండు గంటలకూ, నాలుగు వారాలకూ టీ తాగినప్పుడు ధమని మెరుగ్గా విచ్చుకుంది. నీళ్లతో ఏ మార్పూ లేదు. ఆ టీలో ఉండేంత కెఫీన్‌ను విడిగా ఇచ్చి చూస్తే దానివల్లా ఏమీ కాలేదు. అంటే టీ తాగగానే వచ్చే హుషారుకూ ఈ మార్పుకూ సంబంధం లేదు. పని చేస్తున్నవి ఆకులోని ఫ్లేవనాయిడ్లని అప్పటినుంచి నమ్మకం బలపడింది.

మోతాదు సంగతి 2009లో ఇటలీలోని లాక్విలా నుంచి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 19 మంది మగవాళ్లకు రోజుకు 0, 100, 200, 400, 800 మిల్లీగ్రాముల ఫ్లేవనాయిడ్లు అందేలా ఒక్కో వారం ఒక్కో మోతాదులో బ్లాక్ టీ ఇచ్చారు. ఎఫ్ఎండీ వరుసగా 7.8, 9.0, 9.1, 9.6, 10.3 శాతంగా తేలింది. ఈ వరుసను రెండోసారి చదవండి. మొదటి 100 మిల్లీగ్రాములు 1.2 తెచ్చాయి. ఆ తర్వాతి 700 మిల్లీగ్రాములూ కలిసి తెచ్చింది 1.3. ఆ మొదటి 100 ఒక్క కప్పులోపే దొరుకుతుంది. ఎంత ఎక్కువ తాగితే అంత మంచిదని ఈ అధ్యయనాన్ని చూపించేవాళ్లు తప్పు చెప్పడం లేదు. కానీ పెరుగుదలలో దాదాపు సగం తొలి కప్పులోనే వచ్చేసిందన్న సంగతి వాళ్ల మాటల్లో వినపడదు.

ఇలాంటి 9 అధ్యయనాలను 2011లో ఒకచోట చేర్చి లెక్క తీస్తే రోజుకు సుమారు 500 మిల్లీలీటర్ల టీతో ఎఫ్ఎండీ సగటున 2.6 పాయింట్లు పెరిగినట్టు వచ్చింది. టీ లేనప్పటి సగటు 6.3 శాతం. మొదట్లో చెప్పిన 0.1 మిల్లీమీటరు ఇక్కడిదే: 4 మిల్లీమీటర్ల ధమనిలో 2.6 శాతం. ఇదే ఫలితాన్ని మరోలా కూడా చెప్పొచ్చు. 6.3 మీద 2.6 అంటే సుమారు 40 శాతం. 'టీతో రక్తనాళాల పనితీరు 40 శాతం మెరుగు' అని శీర్షిక పెడితే అబద్ధం కాదు, చదివినవాళ్లకు కలిగే అభిప్రాయం మాత్రం వేరు. ఈ సంకలనం చేసినవాళ్లు యూనిలీవర్ పరిశోధకులన్నది కూడా గుర్తుంచుకోదగ్గదే. అప్పట్లో లిప్టన్ టీ ఆ కంపెనీదే. వాళ్లు ఆ సంగతి దాచలేదు, లెక్క తప్పనడానికీ అది కారణం కాదు. అయినా టీ మంచిదని చెప్పేది టీ అమ్మేవాళ్లయితే పాఠకుడు ఇంకో ఆధారం అడగడం న్యాయం.

ఇక్కడినుంచి గుండెపోటు దాకా వెళ్లే దారిలోనే కాలు జారేది. ఎఫ్ఎండీ ఒక పాయింటు ఎక్కువ ఉన్నవాళ్లకు గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 13 శాతం తక్కువగా ఉంటోందని 2010 నాటి మరో సంకలనం తేల్చింది. ఆ రెండు లెక్కలూ కలిపి కాగితం మీద గుణించుకుంటే 2.6 పాయింట్లకు ముప్పు 30 శాతం తగ్గాలి. మరి టీ తాగే జనంలో అలా కనిపిస్తోందా? బ్రిటన్‌లో 4,98,043 మందిని సుమారు 11 ఏళ్ల పాటు గమనించిన అధ్యయనం 2022లో వెలువడింది. వాళ్లలో 85 శాతం మంది టీ తాగేవాళ్లు, ఆ తాగేవాళ్లలో 89 శాతం బ్లాక్ టీ వాళ్లు. రోజుకు రెండు, అంతకు మించి కప్పులు తాగేవారిలో మరణాలు 9 నుంచి 13 శాతం తక్కువ. ఒకటి గుండెజబ్బుల లెక్క, మరొకటి అన్ని కారణాల మరణాల లెక్క కాబట్టి పక్కపక్కన పెట్టి తూచలేం. కానీ కాగితం మీద వచ్చిన 30కీ, జనంలో కనిపించిన ఈ అంకెకూ ఉన్న ఎడం చూస్తే తెలుస్తుంది, ధమని రెండు గంటల పాటు బాగా విచ్చుకోవడం వేరు, మనిషి పదేళ్లు బాగుండడం వేరు అని. పైగా ఈ 9-13 కూడా టీ చలవేనని రూఢిగా అనలేం. టీ తాగేవాళ్ల తిండి, ఆదాయం, అలవాట్లు తాగనివాళ్లకన్నా వేరుగా ఉండొచ్చు. వాటిని లెక్కల్లో సర్దుబాటు చేస్తారు గానీ పూర్తిగా తీసేయడం ఎవరివల్లా కాదు.

బీపీ మీద మాత్రం కాస్త గట్టి పరీక్షే జరిగింది. ఆస్ట్రేలియాలో 95 మందికి ఆరు నెలల పాటు, కొందరికి రోజుకు మూడు కప్పుల బ్లాక్ టీ, మిగతావాళ్లకు అదే రుచితో, అంతే కెఫీన్‌తో ఫ్లేవనాయిడ్లు లేని పానీయం ఇచ్చారు. 2012లో ఫలితాలు వచ్చాయి. టీ తాగినవాళ్లకు పై అంకె 2 పాయింట్లు, కింది అంకె కూడా ఇంచుమించు అంతే తగ్గింది. ఒక మనిషికి 2 పాయింట్లంటే లెక్కలోకి రాదు, మెట్లెక్కి వచ్చి చూసుకుంటే అంతకన్నా ఎక్కువే మారుతుంది. కోట్ల మందిలో 2 పాయింట్లు తగ్గితే దాని సంగతి వేరు. బీపీ మాత్ర ఒకటి మామూలు మోతాదులో పై అంకెను సగటున 9 పాయింట్ల దాకా తగ్గిస్తుంది కాబట్టి టీని చూసుకుని మాత్ర మానేసే ఆలోచన ఎవరికైనా ఉంటే ఈ రెండు అంకెలూ చాలు.

ఇక పాలు. 2007లో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి పరిశోధకులు నెలసరి ఆగిపోయిన 16 మంది ఆరోగ్యవంతులైన స్త్రీలకు ఒకసారి 500 మిల్లీలీటర్ల బ్లాక్ టీ, ఒకసారి అందులో పదో వంతు వెన్న తీసిన పాలు కలిపిన టీ, ఒకసారి నీళ్లు ఇచ్చారు. ఒట్టి టీతో ధమని చక్కగా విచ్చుకుంది. పాలు కలిపితే ఆ లాభం పూర్తిగా పోయింది. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు టీలోని కాటెచిన్లనే ఫ్లేవనాయిడ్లను పట్టుకుని కదలనివ్వడం లేదని వాళ్లు తేల్చారు. పాల మాంసకృత్తుల్లో దాదాపు 80 శాతం ఈ కేసినే.

గమనించండి, పదో వంతు పాలకే ఆ ఫలితం. మన ఇళ్లలో టీ అంటే సగం పాలు, సగం నీళ్లు. గేదె పాలయితే కేసిన్ ఇంకా ఎక్కువ. అందులోనే పొడి, చక్కెర వేసి పొంగించి, మళ్లీ పొంగించి దించుతాం. బోస్టన్, లాక్విలా అంకెలు ఈ పానీయానికి వర్తిస్తాయని చెప్పడానికి నాకు నోరు రాదు.

అయినా కథ అంత తేలిగ్గా ముగియదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2005లో ఇదే ప్రశ్నను ఇంకో వైపు నుంచి అడిగారు. టీ తాగాక రక్తంలో ఆక్సీకరణను ఎదిరించే శక్తి పెరుగుతోందా, పాలు దాన్ని చెడగొడుతున్నాయా అని. పెరుగుతోంది, పాలు చెడగొట్టడం లేదు అన్నది వాళ్ల జవాబు. వాళ్లు చూసింది రక్తాన్ని, బెర్లిన్ వాళ్లు చూసింది ధమనిని. రెండూ నిజం కావొచ్చు. పైన చెప్పిన బ్రిటన్ అధ్యయనంలో కూడా పాలు పోసుకున్నా, పోసుకోకపోయినా మరణాల తేడా అలాగే ఉంది. అక్కడివాళ్లు పోసుకునేది పైన కాసిని చుక్కలు, మనలా సగానికి సగం కాదన్నది నిజమే. కానీ దీన్ని ఇంకోలా కూడా చదవొచ్చు: అక్కడ కనపడిన మేలు అసలు ఈ కాటెచిన్ల వల్ల వచ్చింది కాదేమో. నా మొగ్గు ఎటంటే, ధమని విచ్చుకోవడమే కావాలనుకుంటే పాలు లేకుండా తాగాలి, ఆయుష్షు గురించయితే పాల మీద పోట్లాడుకునేంత ఆధారం లేదు.

చక్కెర మీద అలాంటి సందేహమేమీ అక్కర్లేదు. కప్పుకు రెండు చెంచాలు, రోజుకు నాలుగు కప్పులు అనుకుంటే 32 నుంచి 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మేలని చెప్పే హద్దు రోజు మొత్తానికి సుమారు 25 గ్రాములు. టీ బంకు దగ్గర ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో సిగరెట్ పట్టుకునేవాళ్లయితే ఈ వ్యాసం మొత్తాన్నీ పక్కన పెట్టొచ్చు. అదే ఎఫ్ఎండీ పరీక్షలో పొగ తాగే పడుచువాళ్ల ధమనులు కూడా సరిగ్గా విచ్చుకోవు.

డికాక్షన్ ఒక్కటే తాగేవాళ్లకు ఒక చిక్కుంది, ముఖ్యంగా ఆడవాళ్లకు. నాళానికి మేలు చేసే ఆ ఫ్లేవనాయిడ్ల వంటి పాలీఫినాళ్లే తిండిలోని ఇనుమును ఒంటబట్టనివ్వవు. 1999లో జరిపిన పరీక్షల్లో రొట్టె తింటూ బ్లాక్ టీ తాగితే ఇనుము గ్రహింపు 79 నుంచి 94 శాతం పడిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇడ్లీ తిన్న చేయి కడుక్కోకముందే టీ అందుకునే ఇళ్లలో ఇది చిన్న సంగతి కాదు. భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా టీ, కాఫీ వద్దని పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దని కూడా చెప్పారు. 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి నాలుగు కప్పుల దాకా భయం లేదు.

టీ అలవాటు లేనివాళ్లు దీనికోసం మొదలుపెట్టక్కర్లేదు. అలవాటున్నవాళ్లు రోజులో ఒక్క కప్పును పాలు, చక్కెర లేకుండా తాగి చూడొచ్చు. లాక్విలా లెక్క ప్రకారం ఆ ఒక్కటే పెద్ద వాటా తెస్తుంది. కావాలంటే నిమ్మరసం పిండుకోవచ్చు, అందులోని సి విటమిన్ ఇనుముకు కాస్త తోడు కూడా. ఇరానీ హోటళ్లలో డికాక్షన్, పాలు వేర్వేరు పాత్రల్లో మరుగుతుంటాయి కాబట్టి డికాక్షన్ ఒక్కటే అడిగి తీసుకోవడం కుదురుతుంది. 65 డిగ్రీలు దాటిన వేడిలో ఏ పానీయమైనా అన్నవాహికకు మంచిది కాదని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2016లో హెచ్చరించింది. కాబట్టి పొయ్యి దించిన వెంటనే గుటక వేయకుండా కాసేపు ఆగాలి. వేళ విషయానికొస్తే సాయంత్రం నాలుగింటి టీకి సాటి లేదు. మధ్యాహ్నం తిన్నది సర్దుకుని ఉంటుంది, రాత్రి భోజనానికి ఇంకా చాలా టైముంటుంది.